పుట్టపాక రుమాలు, కొయ్యలగూడెం దుప్పటి, మా కొత్త ఇల్లు

నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలు వాసన ఎరిగినవారికి, దాన్ని అద్దం బిగించిన చట్రంలో పెట్టి హాలు గోడకు తగిలించాలన్న ఆలోచన మొదట కొంత వింతగానే తోస్తుంది. ఆముదమూ బూడిదా కలిసి నూలులోకి ఇంకిన ఆ వాసన కొత్త రుమాలు మడత విప్పగానే గదంతా కమ్ముకుంటుంది. కొన్ని ఉతుకులు పడ్డాక తగ్గుతుంది గాని, వానాకాలంలో బీరువా తెరిచినప్పుడు మళ్ళీ పలకరిస్తుంది. నా చిన్నతనపు వేసవి సెలవులన్నీ ఆ వాసనలోనే గడిచాయి. హైదరాబాదులో మేము అపార్ట్‌మెంటు కొనుక్కుని, తెల్లటి గోడల మీద ఏం పెట్టాలి, కిటికీలకు ఏం కట్టాలి అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతున్న రోజుల్లో నాకు మొదట గుర్తొచ్చినవి మా అమ్మమ్మగారి ఊరి గుడ్డలే. వాటిని ఈ ఇంట్లో ఎలా అమర్చుకున్నామో చెప్పాలంటే, ఒకప్పుడు మా ఇళ్ళలో అవి ఎక్కడెక్కడ ఉండేవో ముందు చెప్పాలి.

మా అమ్మ పుట్టిల్లు పుట్టపాక. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా, సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. మా చిన్నప్పుడు ఆ ప్రాంతమంతా నల్లగొండ జిల్లాయే. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్‌లో దిగి, లోపలికి వెళ్ళే బస్సు కోసం చెట్టు కింద ఎంతసేపైనా ఎదురుచూసి, తీరా ఊళ్ళో దిగేసరికి వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినిపించేది. తాత గుంట మగ్గం ముందరి గదిలో ఉండేది. నేలలోకి తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని, తొక్కుడు చెక్కలు మార్చి మార్చి తొక్కుతూ, నాడెను ఈ చేతి నుంచి ఆ చేతికి విసురుతూ ఆయన పొద్దంతా అక్కడే కూర్చునేవాడు. సెలవుల్లో వచ్చిన పిల్లలకు కండెలు చుట్టే పని అప్పగించేవారు. రాట్నం తిప్పీ తిప్పీ విసుగొస్తే నేను పెరట్లోకి పారిపోయేదాన్ని గాని, అక్కడ అంతకన్నా పెద్ద పని కాచుకుని ఉండేది.

పెరట్లో జరిగేది నూలుకు నూనె పట్టించే పని. ఎండిన ఆముదపు కాయలను కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి, తేటగా వార్చిన నీళ్ళు ఒక కుండలో ఉండేవి. నూనె ఇంకో గిన్నెలో ఉండేది. ఆ రెండూ కలిపితే చిక్కటి తెల్లటి ద్రవం తయారయ్యేది. చిలపల నూలును అందులో ముంచి, చేతులతో పిసికి, కాళ్ళతో తొక్కి, ఎండలో ఆరేసి, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి అదే పని చేసేవారు. ఇలా రెండు మూడు వారాలు సాగేది. పిల్లల కాళ్ళు తొక్కడానికి బాగా పనికొస్తాయని మా అమ్మమ్మ గట్టి నమ్మకం. నేను గంతులేస్తూ తొక్కుతుంటే, "ఊకె ఎగురుడు కాదు బిడ్డా, మడిమె ఆనిచ్చి తొక్కు, నూనె లోపల్దాక పోవాలె" అనేది. ఆ సాయంత్రం ఎంత సున్నిపిండి రుద్దినా కాళ్ళ జిడ్డు వదిలేది కాదు.

ఇంత శ్రమ దేనికని ఆ వయసులో నేనడగలేదు. తర్వాత మా మేనమామ చెప్పగా తెలిసింది. అలా నూనె పట్టిన నూలు ఎరుపు రంగును లోపలిదాకా లాక్కుంటుందట. పైపైన అంటుకున్న రంగు ఉతుకులకు పోతుంది గాని, ఇలా ఎక్కిన రంగు గుడ్డ చిరిగేదాకా ఉంటుందట. నూనె పట్టిన గుడ్డ ఎండలో తలకు చల్లగానూ ఉంటుంది. అందుకే పశువులు కాసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు ఆ రుమాళ్ళను తలకు చుట్టుకునేవారు, నడుముకు కట్టుకునేవారు. మొదట్లో తేలియా రుమాలు ఉన్నవాళ్ళ ఇంట్లో అలంకారంగా పరిచే గుడ్డ కాదు. ఆరుబయట చెమటోడ్చేవాళ్ళ గుడ్డ. ఇప్పుడు దాన్ని అద్దం వెనక చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి మనసులో మెదులుతుంది.

దాని పుట్టుక పుట్టపాకలో కాదు, చీరాలలో. సముద్రం దగ్గరి ఆ ఊరి నుంచి రుమాళ్ళు ఓడలెక్కి ఏడెన్‌కూ, ఇతర అరబ్బు దేశాలకూ, ఆఫ్రికా తీరానికీ వెళ్ళేవి. అక్కడివాళ్ళు తలపాగాలుగా కట్టుకునేవారు. అందుకే వాటికి ఆసియా రుమాళ్ళనే పేరు కూడా వచ్చింది. మొదట గళ్ళూ చుక్కలూ త్రికోణాల వంటి లెక్క తప్పని ఆకారాలే ఉండేవి. తర్వాతి కాలంలో గడియారాలు, విమానాలు, గ్రామఫోను పెట్టెలు, సింహాలు కూడా నేతలోకి ఎక్కాయి. ఆకాశంలో విమానం కనిపిస్తే ఊరంతా బయటికొచ్చి చూసే కాలంలో ఒక సాలె ఆయన ఆ విమానాన్ని పోగుల లెక్కలోకి తెచ్చి కట్టాడంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. గత శతాబ్దం తొలి దశకాల్లో నూలుకు కట్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేసే ఈ కట్టుడు విద్య (దీన్నే ఇక్కత్ అంటారు) చీరాల నుంచి మా నల్లగొండ ఊళ్ళకు చేరి పోచంపల్లిలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ స్థిరపడింది. చీరాలలో రుమాళ్ళ నేత క్రమంగా సన్నగిల్లినా పుట్టపాకలో నిలిచింది. ఆ ఊరివారైన గజం గోవర్ధనగారికి 2011లో, గజం అంజయ్యగారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా బంధువర్గంలో పెళ్ళి సందడి లాంటిదే జరిగింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

కట్టే పని వెలుతురు బాగా ఉన్నప్పుడే సాగేది. గళ్ళ కాగితం మీద గీసిన నమూనా పక్కన పెట్టుకుని, చట్రానికి బిగించిన పోగుల గుంపుల మీద గుర్తులు గీసి, తెల్లగా మిగలవలసిన చోటల్లా పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పీలికలతో బిర్రుగా చుట్టేవారు. ఆ కట్టు కిందికి రంగు దాదాపు దిగదు. తెలుపు నిలవవలసిన చోట్లు కట్టి మొదట ఎరుపులో ముంచుతారు. ఆ తర్వాత ఎరుపు నిలవవలసిన చోట్లు కూడా కట్టేసి నలుపుకు పంపుతారు. కట్లు విప్పాక చూస్తే నూలు నిండా మచ్చలే కనబడతాయి గాని బొమ్మ ఎక్కడుందో పరాయివాళ్ళకు అంతుపట్టదు. పడుగునూ (నిలువు పోగులు) పేకనూ (అడ్డ పోగులు) రెండింటినీ ఇలాగే కట్టి, రంగులద్ది, మగ్గం మీద ఒకదానితో ఒకటి కలిపినప్పుడే బొమ్మ తేలుతుంది. పేక వేసిన ప్రతిసారీ తాత ఒక్క క్షణం ఆగి, దాని మీది ఎర్ర మచ్చ పడుగు మీది ఎర్ర మచ్చతో సరిగ్గా కలిసిందో లేదో చూసేవాడు. కలవకపోతే పోగును వేలితో ఇటో అటో జరిపేవాడు. అలా జరిపిన మిగులు నూలు గుడ్డ అంచున చిన్న చిన్న మెలికలుగా నిలిచిపోయేది. ఆ మెలికల గురించి మళ్ళీ చెబుతాను.

మా నాన్న ఉద్యోగరీత్యా మేము నల్లగొండలో ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో ఈ గుడ్డలు లేని మూల ఉండేది కాదు, అయినా వాటిని ఎవరూ అందం కోసం పెట్టినట్టు నాకు గుర్తు లేదు. మంచాల మీద కొయ్యలగూడెం దుప్పట్లు ఉండేవి. పుట్టపాక, పోచంపల్లి చీరలకు పేరుపడితే, చౌటుప్పల్ మండలంలోని కొయ్యలగూడెం దుప్పట్లకూ మీటర్ల లెక్కన అమ్మే నూలు గుడ్డకూ పేరుపడింది. ముదురు ఎరుపు మీద నలుపూ తెలుపూ బాణాల వరుసలున్న దుప్పటి ఒకటి మా ఇంట్లో పదేళ్ళకు పైగా నడిచింది. మొదటి ఉతుకులో దాని రంగు బాగా దిగి, పక్కన నానబెట్టిన నాన్న పంచెను గులాబీ రంగుకు తెచ్చింది. అప్పటి నుంచి అమ్మ కొత్త దుప్పటి ఏది వచ్చినా బకెట్టు నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి, విడిగా నానబెట్టేది. మంచం మీద నలిగిన దుప్పటి పాతబడ్డాక ధాన్యం ఆరబోసే గుడ్డగా మారేది. వంటింటి గుమ్మానికి వేలాడే పరదా అమ్మ పాత పోచంపల్లి చీర. మా తమ్ముడు పుట్టినప్పుడు దూలానికి కట్టిన ఊయల ఇంకో చీర. చిరుగులు పట్టిన చీరలన్నీ చివరికి బొంతలో పొరలుగా చేరేవి. చలికాలం రాత్రి బొంత కప్పుకుని పడుకుంటే, పైపొర పలచబడిన చోట లోపలి చీర చిలుకలు తొంగిచూసేవి, వాటిని లెక్కబెడుతూ నిద్రపోయేవాళ్ళం.

అందువల్ల కొత్త ఇల్లు సర్దేటప్పుడు నాకు ఒక పట్టుదల కలిగింది: ఈ గుడ్డను తెస్తే పని చేసే చోటికే తేవాలి. తలకింద, కాళ్ళకింద, కిటికీకి, బల్లకు. గోడమీద ఒక్కటంటే ఒక్కటే.

లోపలి అలంకరణ చూడటానికి వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే, చదువుకున్నవాడే. నా మాట విని చాలా సంతోషించి, "ఆంటీ, ఇక్కత్ థీమ్ చేసేద్దాం" అని టాబ్లెట్‌లో బొమ్మలు చూపించాడు. వాల్‌పేపర్ మీద ఇక్కత్, సోఫా మీద ఇక్కత్, దీపం బుర్ర మీద ఇక్కత్, చివరికి వంటింటి పలకల మీద కూడా ఇక్కత్. అన్నీ అచ్చు వేసినవే. మగ్గం మీద ప్రతి పోగు దగ్గరా ఆగి సర్దిన మసక అంచును యంత్రం మీద చక్కగా మసకగా అచ్చు వేసి అమ్మడంలో ఎంత హాస్యముందో అతనికి చెప్పబోయి మానుకున్నాను. రంగు కట్టు కిందికి వెంట్రుకవాసి జారడం వల్లనూ, పోగులు మగ్గం మీద కాస్త అటూ ఇటూ కదలడం వల్లనూ ఆ బొమ్మల అంచులు ఈకల్లా చీలి కనబడతాయి. అచ్చులో ఆ ఈకలు ప్రతి పువ్వుకూ ఒకే తీరుగా ఉంటాయి. నేతలో ఒక చిలుక తోకకూ పక్క చిలుక తోకకూ పోలిక ఉంటుంది గాని ఒకటే తోక ఉండదు.

కొనేవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇక్కడ ఆ తేడా వివరంగా చెబుతున్నాను. గుడ్డను తిరగేసి చూడాలి; నూలుకే రంగు వేసి నేసినది కాబట్టి అసలైన ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకే గాఢతలో ఉంటుంది. అచ్చు గుడ్డ వెనక వైపు సాధారణంగా వెలవెలబోయి కనబడుతుంది. తర్వాత అంచు నుంచి ఒక పోగు లాగి చూడాలి; పోగు పొడవునా తెలుపు, ఎరుపు, మళ్ళీ తెలుపు అని మారుతూ వస్తే అది కట్టి రంగు వేసిన నూలు. ఇందాక చెప్పిన అంచు మెలికలు పేక కట్టిన గుడ్డల్లో కనిపిస్తాయి. మా దర్జీ వాటిని నేత లోపమనుకుని కత్తిరించబోతే వారించవలసి వచ్చింది. ఆ మెలికలు తాకినప్పుడల్లా మగ్గం ముందు కూర్చున్న మనిషి వేలు అక్కడిదాకా వచ్చి ఆగిందని నాకు అనిపిస్తుంది.

కర్టెన్ల గుడ్డకు మా మేనమామ కొడుకును వెంటబెట్టుకుని కొయ్యలగూడెం వెళ్ళాం. అక్కడ గుడ్డ 44 నుంచి 48 అంగుళాల పన్నాతో వస్తుంది, కాబట్టి పెద్ద కిటికీకి రెండు మూడు రెక్కలు కుట్టక తప్పదు. హాలుకు బూడిదరంగు మీద తెల్లటి మెట్ల నమూనా, పడక గదికి నీలం మీద తెల్ల చుక్కలు తీసుకున్నాం. ముదురు ఎరుపు మీద మనసు పోయింది గాని పడమటి ఎండకు ఏ రంగూ ఎక్కువ కాలం నిలవదని అక్కడివాళ్ళే హెచ్చరించారు. పడమటి కిటికీకి లేతరంగు కట్టి, వెనక తెల్లటి మల్లు గుడ్డ అస్తరు వేయించమన్నారు. కుట్టించే ముందు గుడ్డనంతా ఒకసారి నీళ్ళలో తడిపి ఆరేయమని కూడా చెప్పారు. నూలు మొదటి తడికి లాక్కుంటుంది. తడపకుండా కుట్టిస్తే మొదటి ఉతుకు తర్వాత కర్టెను నేలకు బెత్తెడు ఎత్తులో వేలాడుతుంది.

మా దర్జీ మస్తానయ్య లాంటి ఓపికమంతుడు కాకపోతే (అది ఆయన అసలు పేరు కాదు) ఆ కర్టెన్లు పూర్తయ్యేవి కావు. రెండు రెక్కలు పక్కపక్కన వేలాడేటప్పుడు మెట్ల వరుసలు ఒకే ఎత్తులో కలవాలని ఆయన పంతం. దానికోసం ప్రతి రెక్కనూ నమూనాలోని ఒకే గీత దగ్గర మొదలుపెట్టి కత్తిరించాడు. అలా కత్తిరిస్తే ఒక్కో రెక్కకు ఒక్కో వరుస గుడ్డ అదనంగా ఖర్చవుతుంది. పైన వరుస కలిపితే కింద అర అంగుళం తేడా వచ్చేది, కింద కలిపితే పైన వచ్చేది. చివరికి ఆయన కొలటేపు మెడలో వేసుకుని, "ఇవి కలవవమ్మా, మనిషి చేత్తో కట్టినవి గదా, కంటి ఎత్తులో కలుపుతా, మిగతాది దేవుడికి వదిలేద్దాం" అన్నాడు. కంటి ఎత్తులోనే కలిపాడు. కూర్చుని చూసేవాళ్ళకు కొంచెం తేడా తెలుస్తుంది. నాకు అదే బాగుంది.

గుడ్డను ఏ దిక్కుగా వేలాడదీయాలన్న దాని మీద కూడా ఇంట్లో చర్చ జరిగింది. మావారు బొమ్మ అడ్డంగా వస్తే గది వెడల్పుగా కనబడుతుందన్నారు. పడుగు నిలువుగా ఉంటేనే గుడ్డ బరువు సరిగ్గా దిగి, మడతలు తిన్నగా పడతాయన్నది దర్జీ మాట. దర్జీ మాటే నెగ్గింది. ఉదయం పూట అస్తరు పక్కకు జరిపితే తూర్పు కిటికీ గుడ్డలోంచి వెలుతురు వస్తుంది. అప్పుడు తెల్లటి మెట్లు వెలుగుతాయి, వాటి అంచుల్లోని ఈకలు మరింత స్పష్టంగా కనబడతాయి. గదిలో దీపాలు వేసినప్పుడు ఆ గుణం ఉండదు. కాబట్టి ఇక్కత్ గుడ్డను కిటికీకి కడితే తూర్పుకో ఉత్తరానికో కట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఇక ఆ ఒక్క గోడ సంగతి. తాత నేసిన తేలియా రుమాలు ఒకటి అమ్మ పెట్టెలో దొరికింది. ఎరుపు, నలుపు, తెలుపు. నడుమ గళ్ళు, చుట్టూ దట్టమైన అంచు. ఒక మూల చిన్న చిరుగు ఉంది, దాన్ని అమ్మ ఎర్రదారంతో రఫూ చేసింది. దాన్ని గోడకు పెట్టాలన్న నిర్ణయం చెప్పినప్పుడు మా మేనమామ ఫోన్‌లో పగలబడి నవ్వాడు. "ఏం కోడలా, తలకు కట్టుకునే రుమాలుకు అద్దం కట్టిస్తవా? మీ తాత ఇంటే ఆ రుమాలే విప్పి నీ నెత్తికి చుడ్తడు" అన్నాడు. నవ్వి ఊరుకోకుండా, దాన్ని ఎలా బిగించాలో కూడా ఆయనే చెప్పాడు. జిగురు తగలనివ్వకూడదు. చెక్క పలకకు ఉతికిన తెల్ల నూలు గుడ్డ చుట్టి, దాని మీద రుమాలును పరిచి, అంచు వెంట దూరం దూరంగా వదులైన కుట్లతో పట్టించాలి. అద్దం గుడ్డను ఆనకుండా మధ్యలో సన్నటి చెక్క బద్ద పెట్టాలి. ఆనితే చెమ్మకు గుడ్డ అద్దానికి అతుక్కుంటుంది. నేరుగా ఎండ పడే గోడ పనికిరాదు. భోజనాల బల్ల వెనక నీడగా ఉన్న గోడకు పెట్టాం. చిరిగిన మూలను చట్రం కింద దాచమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. రఫూ కనబడేలాగానే బిగించాం. అది అమ్మ చేతిపని, తాత నేతకు తక్కువేమీ కాదు.

ఒక విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. అమ్మ పట్టుచీరలు రెండు ఉన్నాయి, పోచంపల్లివే. వాటి కొంగులు కత్తిరించి కుషన్ కవర్లు కుట్టిస్తే సోఫాకు కళ వస్తుందని చాలామంది చెప్పారు, ఈమధ్య అది అందరూ చేస్తున్న పని కూడా. చిరుగులు పట్టి కట్టుకోవడానికి పనికిరాని చీరనైతే ఎంత కత్తిరించినా తప్పులేదు, మా అమ్మలూ అమ్మమ్మలూ బొంతల్లో చేసినది అదే. నిలువునా నిలిచి ఉన్న చీరను కుషన్ కోసం కోయడానికి మాత్రం నాకు చేతులు రాలేదు. కుషన్లకు కొయ్యలగూడెం గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది, పైగా నూలు గుడ్డ పిల్లలు ఎక్కి తొక్కినా తట్టుకుంటుంది. పట్టుకు ఆ శక్తి లేదు. చీరలు బీరువాలో మల్లుగుడ్డలో చుట్టి ఉన్నాయి, ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పి మడత మార్చి పెడతాను.

ఇంటికి వచ్చిన చుట్టాలు బల్లగుడ్డను చూసి మెచ్చుకుని, ధర అడిగి, "గుడ్డకు అంతా?" అని నోరు నొక్కుకుంటారు. అప్పుడు నాకు మా చిన్నమ్మ ఆసు పోసే దృశ్యం గుర్తొస్తుంది. పేక కట్టడానికి ముందు పోగును ఒక వైపున్న మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రంగా గుచ్చిన మేకుల మీదికి, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి తిప్పుతూ పోవాలి. ఒక చీరకే చెయ్యి వేల సార్లు అలా ముందుకూ వెనక్కూ సాగుతుంది. మా చిన్నమ్మ నలభై దాటకముందే కుడి చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయేది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశంగారు తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రాన్ని తయారు చేసి, దానికి ఆమె పేరే పెట్టిన సంగతి మనవాళ్ళకు తెలిసిందే. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రం మా ఊళ్ళోకి వచ్చేసరికి చిన్నమ్మ భుజం బాగుపడే వయసు దాటిపోయింది. అయినా ఆమె యంత్రం ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అది పోస్తుంటే చూసుడే నా పని" అని మురిసిపోయేది. అందువల్ల బల్లగుడ్డ ధర దగ్గర నేను బేరం ఆడను, ఆడేవాళ్ళతో కలిసి అంగడికి వెళ్ళను.

ఉతుకు విషయంలో అమ్మ పద్ధతినే పాటిస్తున్నాను. మొదటి రెండు మూడు సార్లు ఏదైనా విడిగా, చల్లటి నీళ్ళలో, కొద్దిగా కుంకుడు రసంతో ఉతుకుతాను. తిరగేసి నీడన ఆరేస్తాను. ఆ తర్వాత దుప్పట్లను యంత్రంలో వేయడానికి భయపడటం లేదు, మంచి రంగు పడిన నూలు దానికి తట్టుకుంటుంది. సోఫా మీద మాత్రం గుడ్డను బిగించి మేకులు కొట్టించే పని పెట్టుకోలేదు. ఉతకడానికి వీలులేని ఇక్కత్ నాకు పనికిరాదు.

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. పెళ్ళయి వెళ్ళేటప్పుడు రెండు కొయ్యలగూడెం దుప్పట్లు పెట్టెలో పెట్టాను. ఒకదాన్ని వాడుకునే మంచం మీద పరిచింది. రెండో దాన్ని చెక్క బద్దకు తగిలించి వాళ్ళ హాలు గోడ నిండా వేలాడదీసింది. వీడియోలో చూపించినప్పుడు మా మేనమామకు కూడా పంపాను. "దుప్పటి గోడకెక్కింది, ఇంక కప్పుకునేదేంది?" అన్నాడు. తర్వాత తెలిసిందేమంటే చలికాలం రాగానే మనవడు ఆ దుప్పటిని గోడమీద నుంచి లాగి కప్పుకుని పడుకుంటున్నాడట, మా అమ్మాయి విసుక్కుంటూ వారానికోసారి మళ్ళీ తగిలిస్తోందట. నాకు మాత్రం అందులో విసుక్కోవలసింది ఏమీ కనబడలేదు. ఇంకో దుప్పటి పంపమన్నాను.

ఇంట్లో మిగిలింది భోజనాల బల్ల కుర్చీల గద్దెలు. వాటికి తేలియా రంగులే కావాలని నా కోరిక, నూనె లేకుండా, మామూలు నూలు మీద. మేనమామ కొడుకును అడిగితే, మగ్గం మీద ఇప్పుడు చీరల పడుగు ఉందట, ఒక పడుగు ఎక్కించాక అది పూర్తయ్యేదాకా ఇంకోటి ఎక్కించే వీలు లేదు గదా, సంక్రాంతి దాటాక చూద్దామన్నాడు. నమూనా గళ్ళ కాగితం మీద గీసి పంపమన్నాడు. ఎనిమిది కోణాల నక్షత్రం గీశాను. గళ్ళు లెక్కబెట్టి చూసి, అంచుకు రెండు గళ్ళు తగ్గించమని తిప్పి పంపాడు.